మెటల్ డిటెక్టర్ ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు?

సంక్షిప్తంగా: అభిరుచి కోసం వాడే మెటల్ డిటెక్టర్ నేలలో ఉన్నది బంగారమో ఇనుమో నేరుగా తెలుసుకోలేదు. తాను పంపిన అయస్కాంత క్షేత్రానికి తిరిగి వచ్చిన జవాబు ఎంత బలంగా ఉంది, ఎంత ఆలస్యంగా వచ్చింది అన్న రెండు సంగతులనే అది కొలుస్తుంది. తెర మీది అంకె, చెవిలోని శబ్దం ఆ కొలతల నుంచి వేసిన అంచనాలు. అందువల్ల కొనేటప్పుడు లోతు గురించిన ప్రకటనల కంటే వెతకబోయే నేల స్వభావాన్ని, కొన్నాక సెట్టింగుల కంటే చెవికి ఇచ్చే శిక్షణను ముందు పెట్టుకోవాలి.

మెటల్ డిటెక్టర్ కొత్తగా కొన్నవారి అనుభవం చాలామట్టుకు ఒకే దారిలో నడుస్తుంది. మొదటి రోజు యంత్రం అడుగడుగునా మోగుతుంది. తవ్వితే మేకులు, సీసా మూతలు, అల్యూమినియం రేకు ముక్కలు బయటపడతాయి. రెండో రోజు చెత్తను వడకట్టే సెట్టింగు పెంచుతారు. మోత తగ్గుతుంది, దొరికేదీ తగ్గుతుంది. మూడో వారానికల్లా యంత్రం మంచిది కాదేమో అన్న అనుమానం, ఇంకా ఖరీదైనది కొంటే బాగుండునన్న ఆలోచన మొదలవుతాయి.

ఈ నిరాశకు కారణం చాలాసార్లు యంత్రంలో ఉండదు. వాడేవారు "ఇక్కడ విలువైనది ఉందా?" అని అడుగుతారు. యంత్రం మాత్రం "ఇక్కడ విద్యుత్తును ప్రవహింపజేసేది ఏదో ఉంది, దాని తీరు ఇలా ఉంది" అని జవాబిస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఎడం ఎంత పెద్దదో తెలిస్తే కొనుగోలు, సాధన రెండూ తేలికవుతాయి.

### 1881: ఒక తూటా, ఒక మంచం

1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. శరీరంలో చిక్కుకున్న తూటా ఎక్కడుందో వైద్యులకు అంతుపట్టలేదు. అప్పటికే టెలిఫోన్‌తో పేరు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆవిష్కర్త డేవిడ్ హ్యూస్ రూపొందించిన ఇండక్షన్ బ్యాలెన్స్ సూత్రాన్ని ఆధారం చేసుకుని ఒక పరికరం తయారుచేశారు. తీగచుట్టల మధ్య కుదిర్చిన సమతూకం లోహం దగ్గరకు రాగానే చెదిరి, టెలిఫోన్ రిసీవర్‌లో శబ్దంగా వినిపించడం దాని పనితీరు. ముందు జరిపిన పరీక్షల్లో అది పనిచేసింది. అధ్యక్షుడి మీద ప్రయోగించినప్పుడు మాత్రం పెద్ద మేర అంతటా ఒకే రకమైన సన్నని శబ్దం వచ్చింది. పరుపు కింద ఉక్కు తీగల అల్లిక ఉన్నట్లు తరువాత తెలిసింది. పైగా తూటా కుడి పక్కనే ఉందని నమ్మిన వైద్యులు అటువైపే వెతికించారు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించారు. శవపరీక్షలో తూటా వెన్నెముకకు ఎడమ పక్కన కనిపించింది.

పరికరం అబద్ధం చెప్పలేదు. తన కింద ఉన్న ఉక్కును అది ఉన్నది ఉన్నట్లే వినిపించింది. పక్కనున్న ఇనుము అసలు వస్తువు గొంతును నొక్కేయడం, వస్తువు లేని చోట వెతకడం అనే రెండు చిక్కులూ పరికరానికి బయటివే. నూట నలభై ఏళ్లు దాటినా, పొలంలోనో సముద్రతీరంలోనో డిటెక్టర్ పట్టుకున్న మనిషిని బాధించేవి ముఖ్యంగా ఈ రెండే.

రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ అధికారి యూజెఫ్ కొసాత్స్కీ రూపొందించిన మందుపాతరల డిటెక్టర్ 1942లో ఈజిప్టులోని ఎల్ అలమైన్ యుద్ధరంగంలో ఉపయోగపడింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక పరికరాలు సామాన్యుల చేతికి వచ్చాయి. ట్రాన్సిస్టర్లు వచ్చి యంత్రం బరువు తగ్గాక ఇది అభిరుచిగా విస్తరించింది.

### కాయిల్ కింద జరిగేది

కర్ర చివర పళ్లెంలా కనిపించే భాగాన్ని కాయిల్ అంటారు. సాధారణ డిటెక్టర్లలో దాని లోపల రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకదానిలో సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చుకునే విద్యుత్ ప్రవాహం ఉంటుంది. దాని వల్ల కాయిల్ చుట్టూ, కింది నేలలో కూడా, మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే లోహంలో సుడులు తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వీటినే ఎడ్డీ ప్రవాహాలు అంటారు. అవి తమ వంతుగా మరో బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. రెండో తీగచుట్ట ఆ ప్రతిక్షేత్రాన్ని అందుకుంటుంది. మొదటి చుట్ట నుంచి వచ్చే అసలు క్షేత్రం రెండోదానికి దాదాపు తగలకుండా చుట్టలను, ఎక్కువగా ఒకదానిమీద ఒకటి కొంత కప్పుతూ, అమర్చుతారు. బెల్ నాటి సమతూకం ఇదే.

ఎడ్డీ ప్రవాహాలు వెంటనే పుట్టి వెంటనే ఆరిపోవు. మందపాటి వెండి నాణెంలో ప్రవాహానికి ఆటంకం తక్కువ కాబట్టి అది నెమ్మదిగా ఆరుతుంది. పలుచని రేకులో ఇట్టే ఆరిపోతుంది. ఈ తేడా వల్ల తిరిగివచ్చే అల, పంపిన అలతో పోలిస్తే వేర్వేరు మోతాదుల్లో వెనకబడుతుంది. భౌతికశాస్త్రంలో దీనిని దశా భేదం అంటారు. ఇనుము ఎడ్డీ ప్రవాహాలకు తోడు తానే అయస్కాంతంలా మారి క్షేత్రాన్ని తన వైపు లాక్కుంటుంది కాబట్టి దాని జవాబు తీరే వేరు. యంత్రంలోని ప్రాసెసర్ ఈ దశా భేదాన్ని ఒక అంకెగా, ఒక స్వరంగా మారుస్తుంది. చాలా యంత్రాల్లో ఇనుముకు బొంగురు స్వరం, రేకులకూ చిన్న ఉంగరాలకూ మధ్య స్వరం, రాగి, వెండి నాణేలకు సన్నని పై స్వరం వినిపిస్తాయి.

### అంకె ఎందుకు తప్పుతుంది

తెర మీది అంకెను లోహం పేరుగా చదవడమే కొత్తవారు చేసే పెద్ద పొరపాటు. దశా భేదం లోహం వాహకత, అంటే విద్యుత్తును ప్రవహింపజేసే గుణం, ఒక్కదాన్నే బట్టి ఉండదు. వస్తువు మందం, వైశాల్యం, ఆకారం కూడా దానిని నిర్ణయిస్తాయి. స్వచ్ఛమైన బంగారం మంచి వాహకమే. నగల బంగారంలో రాగి, వెండి కలిసినప్పుడు ఆ మిశ్రమం వాహకత బాగా పడిపోతుంది. సన్నని బంగారు ఉంగరం, పానీయాల డబ్బా మీద లాగి తెరిచే అల్యూమినియం రింగు యంత్రానికి ఒకే అంకెగా కనిపించడానికి కారణం ఇదే. ఆ రింగులు 1960ల నుంచి కోట్ల సంఖ్యలో నేలలో చేరాయి. డబ్బాకే అతుక్కుని ఉండే రకం 1970ల మధ్యలో వచ్చేవరకూ వాటిని ఊడబెరికి విసిరేయడం మామూలు సంగతి. ఆ అంకెను వడకట్టేస్తే రింగులతో పాటు ఉంగరాలూ పోతాయి. దీనికి చవకైనదైనా ఖరీదైనదైనా ఏ యంత్రంలోనూ పూర్తి విరుగుడు లేదు.

ఆకారం చూపే ప్రభావం ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఒకే ఉంగరాన్ని తీసుకుని కాయిల్ కింద పెడితే స్పష్టమైన స్వరం వస్తుంది. అదే ఉంగరం ఒకచోట తెగి సన్నని సందు ఏర్పడితే స్వరం ఒక్కసారిగా కుంగిపోతుంది. బంగారం బరువు రవ్వంత కూడా తగ్గలేదు. ప్రవాహం చుట్టు తిరగడానికి దారి మాత్రం తెగిపోయింది. మెడలో వేసుకునే సన్నని గొలుసుదీ ఇదే కథ. లంకెల మధ్య విద్యుత్ సంబంధం సరిగా ఉండదు కాబట్టి యంత్రం మొత్తం గొలుసును చూడదు, ఒక్కో చిన్న లంకెను విడిగా చూస్తుంది. అందుకే బరువైన గొలుసు కూడా కొన్నిసార్లు చిన్న రేకు ముక్కలా వినిపిస్తుంది, లేదా అసలు వినిపించదు. కొక్కెం కాస్త పెద్దదిగా ఉంటే చాలాసార్లు మోగేది అదే.

ఇనుము కూడా వేషం మారుస్తుంది. నడుమ రంధ్రం ఉన్న ఇనుప వాషర్, పలుచని ఉక్కుతో చేసిన సీసా మూత, పెద్ద చదునైన ఇనుప పలక వంటివాటిలో ఎడ్డీ ప్రవాహాలు బలంగా తిరుగుతాయి కాబట్టి అవి రాగిలా, వెండిలా వినిపించగలవు. లోతు పెరిగే కొద్దీ నేల నుంచి వచ్చే జవాబు వస్తువు జవాబుతో కలగలిసిపోయి అంకె అటూ ఇటూ ఊగుతుంది. లోతున ఉన్న మంచి నాణెం ఇనుము వైపు జారి కనిపించడం అరుదేమీ కాదు.

### లోతు వెనుక ఉన్న లెక్క

ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే మాట లోతు. అయితే చిన్న వస్తువుల విషయంలో లోతుకు ప్రకృతి పెట్టిన హద్దు చాలా కఠినమైనది. కాయిల్ నుంచి దూరం పెరిగితే అయస్కాంత క్షేత్రం బలం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. వస్తువు నుంచి తిరిగివచ్చే క్షేత్రం కూడా పైకి వచ్చేటప్పుడు అదే మోతాదులో మళ్లీ తగ్గుతుంది. రెండు ప్రయాణాలూ కలిపితే సంకేతం దూరపు ఆరో ఘాతానికి విలోమంగా పడిపోతుంది. అంటే కాయిల్ వెడల్పుతో పోలిస్తే దూరం బాగా ఎక్కువైనప్పుడు, లోతు రెట్టింపైతే సంకేతం 64వ వంతుకు చేరుతుంది.

25 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఆదర్శ కాయిల్‌ను తీసుకుని లెక్కవేస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. దాని నడిమికి సరిగ్గా కింద ఉన్న నాణెం 20 సెంటీమీటర్ల లోతు నుంచి 25కు దిగితే సంకేతం దాదాపు 2.8 రెట్లు బలహీనపడుతుంది. 25 నుంచి 50కి దిగితే దాదాపు 39 రెట్లు. ఒక యంత్రం మరోదాని కంటే రెండింతలు సున్నితమైనదైనా చేతికి వచ్చే అదనపు లోతు కొన్ని సెంటీమీటర్లే. ఇదే లెక్క మరో దిక్కు నుంచి కూడా పనిచేస్తుంది. నేలకు తాకీ తాకనట్లు ఉంచాల్సిన కాయిల్‌ను అయిదు సెంటీమీటర్లు పైకెత్తి ఊపితే, ఖరీదైన యంత్రం ఇచ్చిన మేలంతా ఆ అయిదు సెంటీమీటర్లలోనే కరిగిపోతుంది.

పెద్ద కాయిల్ వాడితే లోతు పెరుగుతుంది, నిజమే. కానీ దాని క్షేత్రం ఎక్కువ మేర పరుచుకుంటుంది కాబట్టి చిన్న వస్తువుల సంకేతం పలచబడుతుంది, పక్కపక్కన ఉన్నవి కలిసిపోతాయి, నేల నుంచి వచ్చే సంకేతమూ పెరుగుతుంది. చెత్త ఎక్కువగా ఉన్న చోట చిన్న కాయిల్ పెట్టినవారికే మంచి వస్తువులు దొరకడం ఈ కారణం వల్లే.

గాలిలో నాణేన్ని కాయిల్ ముందు ఊపి ఎంత దూరం పట్టిందో చూపించే పరీక్షలు నేల విడిచి సాము చేయడం వంటివి. యంత్రం పనిచేస్తోందని మాత్రమే అవి రుజువు చేస్తాయి.

### అసలు ప్రత్యర్థి నేల

నేల నిర్జీవంగా ఊరుకోదు. మాగ్నటైట్ వంటి ఇనుప ఖనిజాలు కలిసిన మట్టి తానే కాయిల్‌కు జవాబిస్తుంది. ఆ జవాబు చిన్న నాణెం సంకేతం కంటే అనేక రెట్లు బలంగా ఉండవచ్చు. తడిసిన ఉప్పు ఇసుక ఇంకో రకం. అందులో ఇనుము లేకపోయినా ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి తీరం మొత్తం ఒక పలుచని రేకులా వినిపిస్తుంది. ఎర్రమట్టి, నల్ల ఇసుక, కొన్ని రకాల రాళ్లు ఉన్న చోట్ల ఒక యంత్రం మూగబోవడం, మరో చోట అదే యంత్రం చక్కగా పనిచేయడం దీనివల్లే. ఇద్దరు వాడుకరులు ఒకే నమూనా గురించి పూర్తి విరుద్ధమైన అభిప్రాయాలు చెప్పినప్పుడు ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. వారి కాళ్ల కింద ఉన్న మట్టి వేరు.

దీనికి మొదటి ఉపాయం గ్రౌండ్ బ్యాలెన్స్. లోహం లేని చిన్న జాగా చూసుకుని కాయిల్‌ను నేల మీదికి దించుతూ ఎత్తుతూ ఉంటే, నేల ఇచ్చే జవాబు ఏ దశలో ఉందో యంత్రం కొలిచి దానిని తీసివేస్తుంది. కొన్ని యంత్రాలు దీనిని తమంతట తామే చేసుకుంటాయి, కొన్నింటిలో బొత్తాం నొక్కాలి, కొన్నింటిలో కర్మాగారంలో పెట్టిన విలువే స్థిరంగా ఉంటుంది. స్థిరంగా ఉండే రకం మామూలు తోట మట్టిలో చాలు. ఖనిజాలు ఎక్కువగా ఉన్న నేలలో సరిపోదు.

రెండో ఉపాయం ఫ్రీక్వెన్సీ ఎంపిక, అంటే కాయిల్‌లోని ప్రవాహం సెకనుకు ఎన్నిసార్లు ఊగాలో ఎంచుకోవడం (కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు వెయ్యిసార్లు). ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే సాధారణ యంత్రాలు ఎక్కువగా 5 నుంచి 20 కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉంటాయి. తక్కువ ఫ్రీక్వెన్సీలు పెద్ద వెండి, రాగి వస్తువులకు అనుకూలం. చిన్నవాటిలో, పలుచనివాటిలో ప్రవాహాన్ని రేపాలంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ కావాలి. అందుకే బంగారు కణికల కోసం చేసిన యంత్రాలు 40 కిలోహెర్ట్జ్‌లు దాటి పనిచేస్తాయి. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపే యంత్రాలు వాటి జవాబులను పోల్చి ఉప్పునీటి ప్రభావాన్నీ, ఖనిజాల ప్రభావాన్నీ వస్తువు నుంచి వేరుచేస్తాయి. తడి ఇసుకలో ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రాలకూ వీటికీ ఉన్న తేడా నిజంగా పెద్దది. పొడి తోట మట్టిలో ఆ తేడా అంతగా కనబడదు.

మూడో ఉపాయం పల్స్ ఇండక్షన్. ఈ యంత్రాలు నిరంతరంగా అలలు పంపవు. ఒక చిన్న, బలమైన విద్యుత్ తట్టు తట్టి ఆగుతాయి. ఆగిన వెంటనే లోహంలో మిగిలిన ప్రవాహం ఎలా ఆరుతోందో వింటాయి. ఉప్పునీటిలోనూ, చాలా ఖనిజాల్లోనూ జవాబు లోహం కంటే ముందే ఆరిపోతుంది కాబట్టి కాస్త ఆగి వింటే నేల మౌనంగా ఉంటుంది. కఠినమైన నేలల్లో లోతుకు దిగేవి ఇవే. ఇనుమును మిగతా లోహాల నుంచి వేరుచేయడంలో మాత్రం ఇవి చాలా వెనకబడి ఉంటాయి. మేకులు నిండిన పాత ఇంటి జాగాలో పల్స్ యంత్రంతో దిగినవారు రోజంతా మేకులే తవ్వాల్సి వస్తుంది.

### ఎంపికలో తేల్చుకోవాల్సినవి

కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "ఎక్కడ వెతుకుతాను?" అన్నది. పార్కులు, తోటలు, పొడి పొలాలే అయితే ఒకే ఫ్రీక్వెన్సీతో, సర్దుకోగల గ్రౌండ్ బ్యాలెన్స్‌తో, అంకె చూపే తెరతో వచ్చే మధ్యస్థ యంత్రం సరిపోతుంది. సముద్రపు తడి ఇసుక ముఖ్యమైతే బహుళ ఫ్రీక్వెన్సీ యంత్రానికి పెట్టే ఖర్చు వృథా కాదు. ఖనిజాలు దట్టంగా ఉన్న నేలలో బంగారు కణికలు వెతకడం మరో లోకం. అక్కడ అధిక ఫ్రీక్వెన్సీ యంత్రమో పల్స్ యంత్రమో తప్ప మిగతావి కాలయాపనే.

నీటి రక్షణ విషయంలో ఒక మెలిక ఉంది. చాలా యంత్రాల్లో కాయిల్ నీటిలో మునిగినా ఏమీ కాదు, పైనున్న నియంత్రణ పెట్టె మాత్రం వానకే పాడవవచ్చు. "నీటికి తట్టుకుంటుంది" అన్న మాట ఏ భాగం గురించో, ఎంత లోతు వరకో విడమరిచి చూసుకోవాలి.

బరువును చాలామంది పట్టించుకోరు. అంగడిలో రెండు నిమిషాలు పట్టుకున్నప్పుడు కిలోన్నర ఏమీ అనిపించదు. గంటకు పైగా అటూ ఇటూ ఊపినప్పుడు కాయిల్ కర్ర చివర ఉన్నందువల్ల ముంజేతి మీద పడే భారం దాని అసలు బరువు కంటే చాలా ఎక్కువ. చేయి అలసిన మనిషి తనకు తెలియకుండానే కాయిల్‌ను పైకెత్తుతాడు, ఊపును కుదిస్తాడు. పైన చెప్పిన ఆరో ఘాతం లెక్క అక్కడ తన పని చేసుకుపోతుంది. పిల్లలకు, పొట్టివారికి కర్ర పొడవు సర్దుకుంటుందో లేదో కూడా చూడాలి.

కాయిల్ ఆకారాల్లో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకదానిలో ఒకటి వలయాలుగా ఉండే కాన్సెంట్రిక్ కాయిల్ క్షేత్రం కిందికి పోయే కొద్దీ గరాటులా సన్నబడుతుంది. వస్తువు ఎక్కడుందో చూపడంలో ఇది చురుకైనదే, ఖనిజాల నేలలో మాత్రం తడబడుతుంది. D అక్షరం ఆకారపు రెండు చుట్టలు ఉండే డబుల్ డి కాయిల్ క్షేత్రం ముందు నుంచి వెనక్కు కత్తి అంచులా ఉంటుంది కాబట్టి నేల ప్రభావం తక్కువ, పక్కపక్క వస్తువులను విడదీయడం మెరుగు. ఇప్పటి యంత్రాల్లో ఎక్కువ శాతం రెండో రకంతో వస్తున్నాయి. మొదటి యంత్రానికి అదే మంచి ఎంపిక.

ఇక మిగిలిన సరంజామాలో మూడింటిని యంత్రంతో పాటే కొనుక్కోవాలి. వస్తువు సరిగ్గా ఎక్కడుందో దగ్గర నుంచి చూపే, చేతిలో ఇమిడే పిన్‌పాయింటర్, వంగని చిన్న పార, హెడ్‌ఫోన్లు. పిన్‌పాయింటర్ లేకపోతే తవ్విన మట్టిలో అదే రంగు నాణేన్ని వేళ్లతో వెతకడానికే సగం సమయం పోతుంది.

### చెవికి శిక్షణ

యంత్రం నేర్చుకోవడం అంటే సెట్టింగుల జాబితా కంఠస్థం చేయడం కాదు. ఒక స్వరం విన్నాక తవ్వక ముందే ఒక ఊహ చేసుకోవడం, తవ్వి చూసి ఆ ఊహను సరిదిద్దుకోవడం. ఈ చక్రం ఎన్నిసార్లు తిరిగితే అంత పట్టు దొరుకుతుంది. అందుకే మొదటి కొన్ని వారాలు ఇనుము స్వరం మినహా మిగతా సంకేతాలన్నింటినీ తవ్వాలని అనుభవజ్ఞులు పట్టుబడతారు. ఇనుప స్వరాల్లో కూడా కొన్నింటిని తవ్వి చూడటం అవసరమే, ఇనుము ఎన్ని గొంతులతో మాట్లాడుతుందో తెలియాలంటే వేరే దారి లేదు.

ఊపు నేర్చుకోవడం దీనికంటే ముందు. కాయిల్ నేలకు సమాంతరంగా, ఒకే ఎత్తులో, గడియారపు లోలకంలా చివర్లలో పైకి లేవకుండా కదలాలి. ప్రతి ఊపు అంతకు ముందు ఊపును సగం కప్పాలి. క్షేత్రం కాయిల్ కింద ఇరుకవుతుంది కాబట్టి సగం కప్పకపోతే లోతున ఉన్న వస్తువులు రెండు ఊపుల నడుమ మిగిలిపోతాయి. వేగం విషయంలో రెండు వైపులా ప్రమాదమే. వడపోత పనిచేయాలంటే కాయిల్ కదులుతూ ఉండాలి. మరీ వేగంగా కదిలితే దగ్గర దగ్గర వస్తువులను యంత్రం విడదీసి చెప్పలేదు.

సెన్సిటివిటీని, అంటే యంత్రం ఎంత బలహీనమైన సంకేతానికి స్పందించాలో నిర్ణయించే సెట్టింగును, చివరిదాకా పెంచడం మరో సాధారణ పొరపాటు. విద్యుత్ తీగలు, మొబైల్ ఫోను, పక్కనే ఉన్న మరో డిటెక్టర్ నుంచి వచ్చే అలలకు యంత్రం ఊరికే కిచకిచలాడుతుంది. ఆ సందడిలో లోతైన నాణెం సన్నని స్వరం వినబడదు. కిచకిచ ఆగేవరకు తగ్గించినప్పుడు యంత్రం కాగితం మీద కొంత లోతు కోల్పోతుంది, చెవి మాత్రం అంతకంటే ఎక్కువ లోతు సంపాదిస్తుంది.

ఒక మేకు, ఒక నాణెం తీసుకుని నేల మీదే చేయగల చిన్న ప్రయోగం వారాల అనుభవానికి సమానం. ముందుగా నాణేన్ని ఒంటరిగా పెట్టి ఊపాలి. గుండ్రంగా, మొదలు తుది స్పష్టంగా ఉన్న స్వరం వస్తుంది. నిలబడిన చోటు మార్చి తొంభై డిగ్రీలు తిరిగి ఊపినా అదే స్వరం, అదే అంకె. ఇప్పుడు నాణెం తీసి మేకు పెట్టాలి. వడపోత లేకుండా వింటే బొంగురు స్వరం, వడపోతతో వింటే మౌనం, మధ్య మధ్య మేకు చివర దగ్గర తెగిన పై స్వరం చిటుక్కుమంటుంది. తొంభై డిగ్రీలు తిరిగితే ఆ చిటుకు మాయమవుతుంది లేదా చోటు మారుతుంది. చివరగా మేకు, నాణెం రెండింటినీ నాలుగు వేళ్ల ఎడంతో పక్కపక్కన పెట్టాలి. వడపోత ఎక్కువగా ఉంటే ఇనుమును నొక్కేసే క్షణంలో యంత్రం నాణేన్నీ నొక్కేస్తుంది. ఒక దిశలో ఊపితే ఏమీ వినిపించదు. వేరే దిశ నుంచి, నెమ్మదిగా ఊపితే నాణెం స్వరం సగం తెగి బయటకు వస్తుంది. ఎడం పెంచుతూ తగ్గిస్తూ చూస్తే తన యంత్రం ఎంత దగ్గర వస్తువులను విడదీయగలదో వాడుకరికి స్వయంగా తెలుస్తుంది. అందరూ వెతికేశారనుకున్న జాగాల్లో ఇంకా నాణేలు దొరకడానికి ప్రధాన కారణం ఇలా ఇనుము చాటున అవి దాగి ఉండటమే. గార్‌ఫీల్డ్ మంచం తీగలు చేసిన పని అక్కడ తుప్పు మేకులు చేస్తాయి.

సంకేతం రెండు దిక్కుల నుంచీ నిలబడితే, రెండు ఊపుల గీతలు అడ్డంగా కలిసే బిందువే తవ్వాల్సిన చోటు. పిన్‌పాయింట్ బొత్తాం కూడా ఉంటుంది కానీ, ఈ అడ్డగీతల పద్ధతి చేతికి అలవాటైతే యంత్రం మారినా పనికొస్తుంది.

యంత్రాన్ని తరచూ మార్చడం ఈ శిక్షణను మొదటికి తెస్తుంది. ప్రతి నమూనా స్వరాలకు తన సొంత యాస ఉంటుంది. ఒకే యంత్రంతో ఏడాది గడిపిన మనిషి, ప్రతి మూడు నెలలకూ కొత్తది కొనే మనిషి కంటే ఎక్కువ కనుగొనడం మామూలే.

### తవ్విన తరువాత

నేలలోని వస్తువు విలువలో కొంత భాగం అది ఉన్న చోటులో ఉంటుంది. ఏ పొరలో ఉంది, పక్కన ఏమున్నాయి అన్నవి ఒకసారి చెదిరితే తిరిగి రావు. రెండు ఉదంతాల పోలిక దీనిని చూపిస్తుంది.

2009 జులైలో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో దున్నిన పొలంలో ఒక అభిరుచిదారుకు బంగారు ముక్కలు దొరికాయి. సమాచారం అధికారులకు చేరింది, పురావస్తు నిపుణులు ఆ పొలాన్ని పద్ధతిగా తవ్వారు. ఏడో శతాబ్దపు ఆంగ్లో-శాక్సన్ యోధుల ఆయుధ అలంకరణలు నాలుగు వేలకు పైగా ముక్కలుగా, దాదాపు నాలుగు కిలోల బంగారంతో వెలుగు చూశాయి. అక్కడి 1996 నాటి చట్టం ప్రకారం నిధి దొరికినవారు 14 రోజుల్లో తెలియజేయాలి. చట్టం ప్రతిఫలానికీ దారి చూపుతుంది.

1999లో జర్మనీలోని నెబ్రా దగ్గర కొండ మీద అనుమతి లేకుండా డిటెక్టర్‌తో తిరిగినవారికి సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు బంగారంతో తాపిన కంచు పళ్లెం దొరికింది. సుమారు 3,600 ఏళ్ల కిందట పూడ్చిపెట్టిన ఆ పళ్లాన్ని పనిముట్లతో మొరటుగా బయటకు లాగడంలో అంచు దెబ్బతింది. అది చేతులు మారింది. 2002లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పోలీసులు పన్నిన వలలో చిక్కి బయటపడింది. దొరికిన చోటు నిజంగా ఏదో నిర్ధారించడానికి శాస్త్రజ్ఞులు మట్టి జాడలను పట్టుకుని కష్టపడాల్సి వచ్చింది.

చట్టాలు దేశానికొక తీరు. ఇంగ్లండ్‌లో భూ యజమాని అనుమతి ఉంటే రక్షిత స్థలాలు మినహా వెతకవచ్చు. పొరుగున ఉన్న ఐర్లండ్‌లో పురావస్తువుల కోసం డిటెక్టర్‌తో వెతకడానికి ముందే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. కాబట్టి యంత్రం కొనే ముందు తామున్న చోటి నిబంధనలను, భూమి ఎవరిదన్న సంగతిని తేల్చుకోవడం ఎంపికలో భాగమే.

తవ్వే తీరులో కూడా శ్రద్ధ కావాలి. పచ్చికను మూడు వైపులా కోసి, నాలుగో వైపు వేళ్లు తెగకుండా మూతలా తెరిచి, తీసిన మట్టిని గుడ్డ మీద పోసుకుని, తిరిగి నింపి తొక్కితే వారంలో గుర్తు కూడా మిగలదు. దొరికిన పాత నాణేన్ని అక్కడికక్కడే బొటనవేలితో రుద్దకూడదు. దానిమీద అంటుకున్న ఇసుక రేణువులు శతాబ్దాలు చెరపని గీతలను ఒక్క రుద్దుతో చెరిపేస్తాయి. ఇంటికి తెచ్చి నీటిలో నానబెట్టి మెత్తగా మట్టి వదిలించాలి.

యుద్ధాలు జరిగిన ప్రాంతాల్లో బరువైన, గొట్టంలాంటి ఇనుప వస్తువు కనిపిస్తే పిన్‌పాయింటర్‌తో కూడా తాకకూడదు. చోటు గుర్తుపెట్టుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచి పోలీసులకు చెప్పాలి. పేలని గుండ్లు దశాబ్దాల తరువాత కూడా ప్రాణం తీయగలవు, వాటి స్వరం కాయిల్ కింద మామూలు పాత ఇనుము స్వరంలాగే ఉంటుంది.